కాటా మీద ఆగిపోయిన పోటీ

విశాఖపట్నం రేవు పక్కన, సున్నం రాలిపోయిన ఒక పాత గోదాములో, ముందుగా నోరు తెరిస్తే తన పరువు పోతుందనుకునే పరదేశి అనే బాక్సర్ ఉండేవాడు. సరిగ్గా అదే జబ్బున్న ఐజాక్ అనే ఇంకో బాక్సర్ కూడా ఆ గోదాములోనే ఉండేవాడు. ఒక్కడికే ఉంటే దాన్ని గాంభీర్యం అని ఊరుకునేవాళ్ళు. ఇద్దరికీ ఉండబట్టి కథ అయింది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు బాక్సింగు రాదు. ఆ మాటకొస్తే నాకు రానివి చాలా ఉన్నాయి. బడిలో చదివింది నాలుగు తరగతులు. తక్కిన చదువంతా బజ్జీల పొట్లాల కాగితాల మీద సాగింది. నూనె పడిన చోటల్లా నా జ్ఞానం మసకగానే ఉంటుంది. నేను జీవితంలో చేసిన పోరాటమల్లా బస్సులో కిటికీ పక్క సీటు కోసమే. అందులోనూ గెలిచిన గుర్తు లేదు. కాబట్టి గుద్దుల సంగతి నన్ను అడగకండి. ఊరంతా ఎదురుచూసిన ఆ గుద్దులు ఎందుకు పడలేదో మాత్రం చెప్పగలను.

ఆ గోదాములో కుర్రాళ్ళకి నేర్పే గురువు కూర్మయ్య మేస్టారు. ఆయన ఒకప్పుడు రేవులో బస్తాలు మోసిన కళాసీ. ఓడలు దిగి వచ్చిన విదేశీ నావికుల చేత దెబ్బలు తిని ఈ విద్య నేర్చుకున్నాడు. వాళ్ళు భాష రాక గుద్దేవారనీ, తను భాష రాక తినేవాడిననీ చెప్పి నవ్వేవాడు. ఒంట్లో బస్తాలు మోసే సత్తువ తగ్గాక, ఎవరికీ అక్కరలేని ఆ గోదాములో నాలుగు గుంజలు పాతి, ఓడల తాళ్ళు కట్టి రింగు తయారుచేశాడు. ఇసక కూరిన గోనెసంచిని దూలానికి వేలాడదీశాడు. పగలగొట్టిన ఓ పాత ఓడ తాలూకు ఇత్తడి గంట సంపాదించి రింగు పక్కన కట్టాడు. అదే ఆయన ఆస్తి.

మేస్టారు మొదటి పాఠం చేతులకి కాదు, నోటికి. "నోరు తెరిచినోడి దవడ ఇరుగుద్ది" అనేవాడు. తెరిచిన నోటి మీద దెబ్బ పడితే ఎముక నిలవదు. పళ్ళకి తొడుక్కునే రబ్బరు తొడుగులు కొనే స్తోమత ఆ కుర్రాళ్ళకి ఉండేది కాదు. అందుకని మేస్టారు ఒక్కొక్కడి పళ్ళ మధ్యా ఒక చింతపిక్క పెట్టించేవాడు. సాధన ముగిసేదాకా అది జారకూడదు. ఊపిరి ముక్కుతోనే తీయాలి. పిక్క రాలిందా, ఆ పూట వాడు ఓడినట్టే. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈ సంగతి విన్నప్పుడు మా ఇంట్లోవాళ్ళు నాకూ ఒక పిక్క పెట్టించాలని చూశారు. చింతచెట్టు మొత్తం పెట్టినా లాభం లేదని తేలింది.

ఆ పాఠం అందరికంటే బాగా పట్టినవాళ్ళు పరదేశీ, ఐజాకూ.

పరదేశి జాలరిపేట కుర్రాడు. అలల మీద ఊగే తెప్పలో నిలబడి వల లాగిన కాళ్ళు అతనివి. రింగులో అతని పాదాలు నేలని తాకుతున్నాయో లేదో తెలిసేది కాదు. ఐజాక్ రైల్వే క్వార్టర్ల కుర్రాడు. తండ్రి తర్వాత తనూ ఇంజన్ల షెడ్డులో సుత్తి పట్టాడు. అతను భుజం తిప్పి కొడితే గోనెసంచి కుట్లు ఊడేవి. మేస్టారు మొదట్లో ఇద్దరికీ రెండు విద్యలూ నేర్పాలని చూశాడు. కానీ పరదేశికి కాళ్ళ విద్యే పట్టింది. ఐజాక్‌కి భుజం విద్యే పట్టింది.

ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు. ఒకే లోటాలో అంబలి తాగడం వల్ల కలిసిన వరస అది. సాధన అయిపోగానే పిక్కలు ఉమ్మేసి, ఎవరి పిక్క ఎంత దూరం పడిందో చూసుకుని నవ్వుకునేవారు.

తరువాత ఇద్దరూ గెలవడం మొదలుపెట్టారు. కథలు పాడవడం అక్కడే మొదలవుతుంది.

బాక్సింగులో బరువును బట్టి తరగతులుంటాయి. ఒకే తరగతిలో తూగినవాళ్ళే తలపడాలి. కోళ్ళని పందెంలో దింపేవాళ్ళు కూడా ఈ మాత్రం న్యాయం పాటిస్తారు. పరదేశి అరవై కిలోల తరగతిలో రాష్ట్రానికే మొనగాడయ్యాడు. దాని పై తరగతి అరవై నాలుగు కిలోలది. అందులో ఐజాక్ మొనగాడయ్యాడు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక చిన్న కొబ్బరికాయల సంచీ అంత తేడా. ఆ సంచీయే వాళ్ళ మధ్య కొండయి కూర్చుంది.

ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఊరు అడగడం మొదలుపెట్టింది. చేపల రేవంతా పరదేశి పక్షం, రైల్వే క్వార్టర్లన్నీ ఐజాక్ పక్షం. టీ కొట్లు రెండుగా చీలాయి. ఒక సెలూన్‌లో సగం గడ్డం గీశాక, కుర్చీలో ఉన్నవాడు అవతలి పక్షమని తెలిసి కొట్టువాడు కత్తి కింద పెట్టేశాడు. ఆ మనిషి మిగతా సగం గీయించుకోవడానికి రైలు పట్టాలు దాటి వెళ్ళాల్సి వచ్చింది.

ఇద్దరూ తలపడితే సరి కదా అన్నారు అందరూ. తలపడాలనే ఇద్దరికీ ఉంది. కానీ ఎవరి బరువులో? నాతో కొట్టించుకోవాలంటే వాణ్ణి కిందికి దిగమనండి అన్నాడట పరదేశి. నన్ను కొట్టాలంటే వాణ్ణి పైకి రమ్మనండి అన్నాడట ఐజాక్. "అట" అని ఎందుకంటున్నానంటే, ఆ మాటలు ఒకరితో ఒకరు అనలేదు. తమ మనుషులతో అన్నారు. ఆ మనుషులు ఉప్పూ కారం వేసి అవతలికి మోశారు. బావా అనే పిలుపు ఎప్పుడు ఆగిపోయిందో వాళ్ళకే తెలియదు. గోదాముకి ఒకడు ఉదయం వస్తే ఒకడు సాయంత్రం వచ్చేవాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆలోగా మేస్టారి కళ్ళకి నీటికాసులు వచ్చాయి. చూపు పక్కలనుంచి ముడుచుకుంటూ వచ్చింది. ఎదురుగా ఉన్నది కనిపించేది, పక్కనున్నది కనిపించేది కాదు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉందని ఆయన కూతురు గున్నమ్మతో చెప్పాడు. ఆమె ఆయన్ని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆలస్యమైపోయిందని డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది దసరా దాటి నిలవదు అన్నాడు.

మేస్టారు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తరువాత కూతురితో ఇలా అన్నాడు:

"నా ఇద్దె సగం ఆడి కాళ్ళలో ఉంది, సగం ఈడి భుజంలో ఉంది. రెండూ ఒక్కసోట నానెప్పుడూ సూడలేదే, అమ్మా. ఒక్కపాలి సూసీసి, ఆ తరవాత కళ్ళు పోతే పోనీ."

ఆయనకి ఎవరు గెలుస్తారన్న పట్టింపు లేదు. ఊళ్ళో అది లేని మనిషి ఆయనొక్కడే.

పోటీలు నడిపే సంఘం కార్యదర్శిని మేస్టారు బతిమాలాడు. కార్యదర్శి మంచివాడే. వినాయక చవితి పందిళ్ళు తీసేశాక ఒక ఆదివారం కుదిర్చాడు. గోదాములోనే పోటీ. ఉదయం అందరి ముందూ ఇద్దరినీ కాటా ఎక్కిస్తారు. ఇద్దరూ ఒకే తరగతిలో తూగితే సాయంత్రం పోటీ. తూగకపోతే ఇద్దరికీ దండలు వేసి పంపేస్తారు. బరువు సంగతి మీ శిష్యుల్నే తేల్చుకోమనండి మేస్టారూ అన్నాడాయన.

మేస్టారు ముందు జాలరిపేట వెళ్ళాడు. పరదేశి ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మేస్టారు అతని పక్కనే కూలబడ్డాడు.

"ఒరే పరదేశీ, నువ్వే పైకెళ్ళరా. ఆడి తరగతిలో తూగు. నా కళ్ళ కోసం."

పరదేశి వల మీదనుంచి తల ఎత్తలేదు. అవుననలేదు, కాదనలేదు. మేస్టారు కాసేపు చూసి లేచిపోయాడు.

అదే పూట రైల్వే క్వార్టర్లకి వెళ్ళాడు. ఐజాక్ భార్య సలోమి కుర్చీ వేసింది. మేస్టారు కూర్చోలేదు. నువ్వే కిందికి దిగరా, వాడి తరగతిలో తూగు అని ఐజాక్‌నీ అదే విధంగా అడిగాడు. ఐజాక్ గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. అతనూ అవుననలేదు, కాదనలేదు.

ఇద్దరినీ అడిగినట్టు మేస్టారు ఇద్దరికీ చెప్పలేదు. ఎవడో ఒకడు మెత్తబడకపోతాడా అనుకున్నాడు. ఇద్దరూ మెత్తబడతారని ఆయన కలలో కూడా అనుకోలేదు. వాళ్ళ మీద ఆయనకున్న నమ్మకం అంతవరకే చేరింది.

కానీ ఇద్దరూ మెత్తబడ్డారు.

పరదేశి ఆ రోజునుంచి తినడం మొదలుపెట్టాడు. పూటకి ఆరేసి గుడ్లు, కోనెం చేప పులుసు, చద్దన్నంలో గడ్డపెరుగు. కడుపు నిండాక ఇంకో ముద్ద తినడం ఎంత కష్టమో పెళ్ళి భోజనాల్లో నాకు అనుభవమే. కానీ నాకు అది సరదా, అతనికి శిక్ష. ఇన్నేళ్ళూ తేలిగ్గా ఉండడమే అతని బలం. ఇప్పుడు ఇసకలో పరిగెత్తితే మడమలు దిగబడుతున్నాయి. కొన్నిసార్లు తిన్నది కక్కుకుని మళ్ళీ తినేవాడు. తల్లి పోలమ్మ చూడలేకపోయింది.

"ఒరే నాయినా, నీ తరగతికే పైకొస్తన్నానని ఆ గుంటడికి ఓ మాట సెప్పీరాదా? ఈ తిండి ఏటి, ఈ కక్కుడేటి?"

"నాను సెప్పడమేటమ్మా. కాటాయే సెప్తాది" అన్నాడు పరదేశి.

పట్టాల అవతల ఐజాక్ తిండి మానేశాడు. ఉప్పు మానేశాడు. చివరికి నీళ్ళు కూడా గుక్కెడు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసేవాడు. మధ్యాహ్నం వేళ, షెడ్డులో ఇంకా వేడి దిగని ఇంజన్ల పక్కన, ఒంటికి ప్లాస్టిక్ పట్టా చుట్టుకుని అక్కడికక్కడే పరిగెత్తేవాడు. పట్టా విప్పితే చెమట ధారగా కారేది. బుగ్గలు లోపలికి పోయాయి. రాత్రి నిద్రలో నాలుక పిడచగట్టి లేచేవాడు. సలోమి చెంబు అందిస్తే చూసి పక్కకి తిరిగి పడుకునేవాడు.

"ఏవండీ, మీరు దిగి వస్తున్నారని ఆయనకి ఒక్క కబురు పంపితే పోయేదేముంది? ఒంట్లో నీళ్ళన్నీ ఎవరి కోసమండీ?" అంది ఆమె.

"నేను చెప్పక్కర్లేదు. కాటా చెబుతుంది" అన్నాడు ఐజాక్.

ఒకే గురువు శిష్యులు కదా, మాట కూడా ఒకటే వచ్చింది.

చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పరదేశి ఒప్పుకున్నాడట అని రైల్వే క్వార్టర్లు నవ్వుతాయి. ఐజాక్ లొంగిపోయాడట అని చేపల రేవు నవ్వుతుంది. పిక్క ముందు రాల్చినవాడు ఓడినట్టే. అది గోదాము లోపలి లెక్క అనీ, దాన్ని ఊళ్ళోకి తీసుకురాకూడదనీ వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి తను ఏం నేర్పాడో ఇంకా తెలియలేదు.

ఐజాక్ చిక్కిపోవడం జనం చూడకపోలేదు. ఏమైందని అడిగితే జ్వరం అన్నాడు. ఆ కబురు జాలరిపేట చేరింది. పరదేశి పేరు చెబితేనే వాడికి చలిజ్వరం పట్టుకుందని మనవాళ్ళు పండగ చేసుకున్నారు. మనవాళ్ళు అని ఎందుకన్నానంటే, ఆ పక్షంలో నేనూ ఉన్నాను. ఏ పక్షంలో ఎక్కువ టీ పోస్తే ఆ పక్షంలో ఉండేవాణ్ణి. అలాగే పరదేశి ఒళ్ళు చేశాడన్న కబురు రైల్వే క్వార్టర్లకి చేరింది. పొగరెక్కి మేస్తున్నాడు, ఇక కాళ్ళేం లేస్తాయి అని వాళ్ళు పండగ చేసుకున్నారు. రెండు వైపులా నిజమే వినపడింది. రెండు వైపులా తమకి నచ్చినట్టే అర్థమైంది.

ఆదివారం వచ్చింది. తెల్లారేసరికే గోదాము నిండిపోయింది. మేస్టారు ఇత్తడి గంటని చింతపండుతో తోమి తళతళలాడించాడు. తెల్ల పంచె కట్టుకుని, గంట తాడు చేత్తో పట్టుకుని రింగు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకి రింగు మధ్య భాగం మాత్రమే కనిపిస్తోంది. అది చాలు అనుకున్నాడు.

చేపల మార్కెట్టునుంచి తెచ్చిన కాటాని నేల మీద పెట్టారు. ముందు ఐజాక్ వచ్చాడు. చొక్కా విప్పగానే పక్కటెముకలు కనిపించాయి. జనం గుసగుసలాడారు. అతను కాటా ఎక్కి ఊపిరి బిగబట్టాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. కార్యదర్శి వంగి చూసి, మళ్ళీ చూసి, అరవై అన్నాడు. జనం ఒక్కసారి హోరెత్తారు. ఐజాక్ దిగి వచ్చాడు! పోటీ ఉంది! రైల్వేవాళ్ళూ రేవువాళ్ళూ ఒకరి భుజాలు ఒకరు చరుచుకున్నారు. మేస్టారు గంట తాడుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

తరువాత పరదేశి కాటా ఎక్కాడు. ముల్లు అరవై దాటింది. అక్కడ ఆగలేదు. అరవై నాలుగుకి ఒక్క వెంట్రుకవాసి ఇవతల ఆగింది.

జనం కాటావైపు మెడలు చాచారు.

"ఎంతరా? ఎవరైనా సెప్పండ్రా" అన్నాడు మేస్టారు.

కార్యదర్శి చెప్పాడు. వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు. తరువాత అందరూ నవ్వారు. ఒకడు పైవాడి కోసం పైకి పోయాడు, ఒకడు కిందివాడి కోసం కిందికి వచ్చాడు. మెట్ల మీద ఎదురెదురుగా వచ్చి, ఒకరినొకరు చూడకుండా దాటిపోయారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఐజాక్ తన వాళ్ళవైపు తిరిగి అన్నాడు, నన్ను ఎండబెట్టి తను మేసి వచ్చాడు, ఇప్పుడు నలిపేద్దామని. పరదేశి తన వాళ్ళవైపు తిరిగి అన్నాడు, నన్ను ఏనుగుని చేసి తను తేలికపడ్డాడు, నా కాళ్ళని దొంగిలించాడు.

మేస్టారికి మాత్రం అంతా అర్థమైంది. ఆయన లేచి, తాడు పట్టుకుని తడుముకుంటూ ఇద్దరి మధ్యకీ వచ్చాడు. ఇద్దరినీ తానే అడిగానని అందరి ముందూ చెప్పాడు. మీరిద్దరూ నా మాటే విన్నార్రా, ఒకరి కోసం ఒకరు ఒళ్ళు హూనం చేసుకున్నార్రా అన్నాడు. కార్యదర్శి కూడా కరిగిపోయాడు. ఇది బిరుదు కోసం పోటీ కాదు గనక నియమాన్ని పక్కన పెడతానన్నాడు. నాకు ఒక్కటే కావాలి, ఇద్దరిలో ఎవరో ఒకరు అవతలివాణ్ణి నోటితో అడగాలి, రెండోవాడు సరే అనాలి అన్నాడు. బరువులు తేడా ఉన్నప్పుడు ఆ మాత్రం ఒప్పుదల లేకుండా గంట కొట్టనివ్వలేను అన్నాడు.

ఒక్క మాట. ఇన్నాళ్ళ తిండీ, ఇన్నాళ్ళ పస్తూ ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

పరదేశి కార్యదర్శితో అన్నాడు, "నా కోసం దిగేనని ఆడి నోటితో ఆణ్ణి సెప్పమనండి. అప్పుడు అడుగుతాను."

ఐజాక్ కార్యదర్శితో అన్నాడు, "నా కోసం పైకి వచ్చానని వాణ్ణి చెప్పమనండి. అప్పుడు ఒప్పుకుంటాను."

ఇద్దరి మధ్యా ఒక చాప పరిచే అంత దూరం. ఎవరి దవడ వాళ్ళు బిగించి నిలబడ్డారు. మేస్టారు ఒకసారి ఇటు తిరిగాడు, ఒకసారి అటు తిరిగాడు. ఆయన చూపుకి ఇద్దరూ ఒకేసారి ఆనడం లేదు. ఇతన్ని చూస్తే అతను మాయమవుతున్నాడు, అతన్ని చూస్తే ఇతను మాయమవుతున్నాడు.

"ఒరే, దసరా వచ్చేస్తందిరా" అన్నాడు.

ముందు ఎవరు కదిలారో ఎవరూ చెప్పలేకపోయారు. అందులో కూడా ఇద్దరూ జాగ్రత్తపడ్డారు. ఒకరు ముందు తలుపునుంచీ ఒకరు వెనక తలుపునుంచీ వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక ఊరు వెళ్ళిపోయింది. గున్నమ్మ వచ్చి నాన్నా పోదాం అంది. ఆయన కాసేపు ఆగమన్నాడు. ఖాళీ రింగుని చూస్తూ తాడు లాగి గంట ఒక్కసారి మోగించాడు. తళతళలాడేలా తోమాడు కదా, బాగా మోగింది.

ఆ సాయంత్రమే ఐజాక్ ఇంటి గడపలో పడిపోయాడు. ఎండిపోయిన ఒంట్లో మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. బతికాడు. కానీ మళ్ళీ గ్లవ్సు తొడిగితే మనిషి దక్కడని డాక్టర్లు చెప్పారు. పరదేశి పెంచిన బరువు దిగక, పోయిన వేగం రాక, తరువాతి పోటీల్లో పేరు లేని ఒక కుర్రాడి చేతిలో ఓడిపోయాడు. ఆ ఏడు దసరా వెళ్ళింది. మేస్టారి చూపు కూడా వెళ్ళింది. డాక్టర్లు అన్ని సంగతుల్లోనూ తప్పు చెబితే బాగుండుననిపిస్తుంది నాకు. నా విషయంలో తప్పు చెప్పారు. ఎప్పుడో పోతానన్నారు, ఇంకా ఉన్నాను.

ఎవరు గొప్ప అన్న ప్రశ్న కొన్నాళ్ళు టీ కొట్లలో తిరిగి, తరువాత సినిమాల మాటల్లో కలిసిపోయింది. సెలూన్‌వాడు అందరికీ రెండు వైపులా గీయడం మొదలుపెట్టాడు. గోదాములో గోనెసంచిని ఎలుకలు కొరికాయి.

ఇద్దరూ మేస్టారిని చూడటానికి వచ్చేవారు. కానీ కలిసి కాదు. గడప దగ్గర రెండోవాడి చెప్పులు కనిపిస్తే వీధి చివర నిలబడి, అవి కదిలాకే వచ్చేవారు. వచ్చినప్పుడల్లా మేస్టారు రెండోవాడి క్షేమం అడిగేవాడు. వచ్చినవాడు తల ఊపేవాడు. ఆయనకి అది కనిపించదని కూడా గుర్తుండేది కాదు.

కొన్నేళ్ళకి మేస్టారు మంచం పట్టాడు. ఇక ఎన్నాళ్ళో ఉండడని కబురు పాకింది. ఆ పూట ఇద్దరూ చెప్పులు చూసుకునే స్థిమితం లేకుండా వచ్చారు. గడపలోనే ఎదురుపడ్డారు. వెనక్కి వెళ్ళడానికి ఇద్దరికీ కాళ్ళు రాలేదు. గున్నమ్మ ఇద్దరినీ గదిలోకి పంపి, టీ పెట్టడానికి వెళ్ళింది.

మేస్టారు మంచం మీద పైకి చూస్తూ పడుకుని ఉన్నాడు.

"ఎవరు?" అన్నాడు.

పరదేశి పెదవి కదిలింది. ఐజాక్ గొంతు సవరించుకోబోయాడు. అతను పలికితే నేనూ పలుకుతానని ఇతను ఆగాడు. ఇతను పలికితే నేనూ పలుకుతానని అతను ఆగాడు.

మేస్టారు చెవి ఒగ్గి విన్నాడు. రెండు ఊపిరులు వినపడుతున్నాయి. రెండూ ముక్కుతో తీసే ఊపిరులే. ఒకటి మునివేళ్ళ మీద నిలబడేవాడిది. ఇంకొకటి భుజం బరువుగా కదిలేవాడిది. చూపున్న రోజుల్లో కూడా ఆయన వాళ్ళని అంత బాగా పోల్చుకోలేదు.

"ఇద్దరూ వచ్చీసేరు" అన్నాడు మెల్లగా.

ఎవరూ పలకలేదు.

"పళ్ళ మధ్య పిక్క ఇంకా రాల్లేదేట్రా?"

ఎవరూ పలకలేదు. ఐజాక్ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పరదేశి గుండె ఎగిసెగిసి పడుతోంది. దవడలు మాత్రం విడలేదు. మేస్టారు ఇంకా కాసేపు ఎదురుచూశాడు. తరువాత గోడవైపు తిరిగాడు.

"బాగా నేర్పీసేన్రా. ఎక్కడ తెరవాలో నేర్పడం మరిసిపోనాను" అన్నాడు.

గున్నమ్మ మూడు గ్లాసులతో వచ్చేసరికి గదిలో తండ్రి ఒక్కడే ఉన్నాడు. ఆయన టీ తాగలేదు. మర్నాడు పోయాడు.

శ్మశానంలో ఇద్దరూ నోరు తెరిచారు. పెద్దగా ఏడ్చారు. నీ కోసమే పెరిగేను బావా అని ఒకడు, నీ కోసమే ఎండాను బావా అని ఒకడు, ఒకరి మెడ ఒకరు పట్టుకుని చెప్పుకున్నారు. అప్పుడు మాత్రం ఎవరు ముందని ఎవరూ చూసుకోలేదు. వినాల్సిన మనిషి అప్పటికే బూడిద అవుతున్నాడు.

పిల్లలూ, వాళ్ళిద్దరూ చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయితే ఈ కథ చెప్పడానికి నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఎదుటివాడి కోసం పంతం విడిచినవాడు ఆ మాట వాడికి నోటితో చెప్పాలి. చెప్పకుండా దాచుకున్న మంచితనం పంతం చేసే కీడే చేస్తుంది.